వాన పుస్తకానికి పట్టిన తేమ

సోమమ్మ సంచి సర్దడం బుధవారమే మొదలుపెట్టింది. కూతురు భాను ఎక్కాల్సిన బండి ఆదివారం సాయంత్రానికి. ఈలోగా ఆ సంచిని ఎన్నిసార్లు మంచం మీద బోర్లించి మళ్ళీ సర్దిందో ఆమెకే తెలియదు. స్టీలు డబ్బాలో కారప్పొడి, పాత చున్నీలో చుట్టిన ఎండు ఇప్పపువ్వు, రెండు దుప్పట్లు, జ్వరం గోళీలు, దువ్వెన. అన్నీ పట్టాక జిప్పును మాత్రం జానెడు తెరిచి వదిలేసేది.

"మొత్తం ముయ్యమ్మా. రైల్ల బట్టలు బయటపడ్తయ్," అన్నది భాను.

"పడనీ."

"దొంగోడు చెయ్యి పెడితే?"

"కారప్పొడిల పెడ్తడు. వాడే మొత్తుకుంటడు."

భాను నవ్వింది గానీ జిప్పు ముట్టుకోలేదు. తల్లి దాన్ని ఎందుకు మూయదో ఆమెకు తెలుసు.

పందొమ్మిదేళ్ళ కింద, భద్రాచలం దారిలో అడవి అంచున వాళ్ళు ఉన్న ఊళ్ళో, సోమమ్మ ఇంకో సంచి సర్దింది. అది గుడ్డ సంచి. ఏటి అవతలి ఊళ్ళో అక్కకు జ్వరం తగ్గడం లేదని కబురొస్తే భర్త జంపయ్య చూడబోతున్నాడు. వానకు బియ్యం ఎక్కడ ఒలికిపోతాయో అని సంచి మూతికి ఆమె నారతో ఆకుకట్ట ముడి వేసింది. ఎండాకాలం బీడీల కోసం తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టే ముడి అది. రెండు చుట్లు చుట్టి, మూడో కొసను కిందికి దూర్చి లాగితే ఇక అంతే. విప్పే పని లేని ముడి. కావాలంటే కొడవలితో కోయాల్సిందే. జంపయ్య ఆ ముడిని చూసి, "గిది విప్పేదెట్ల?" అని నవ్వాడు. అతను వెళ్ళిన నాలుగు రోజులకు గోదావరికి వరద వచ్చింది. ఆ తర్వాత సోమమ్మ పోయేవాళ్ళ సంచి ఏదీ గట్టిగా మూయలేదు. జంపయ్య సంగతి ఎవరడిగినా, "వాళ్ళక్క దగ్గరికి పోయిండు," అనేది. అంతకు మించి ఒక్క మాట కూడా ఎప్పుడూ అనలేదు.

భాను అప్పటికి తొమ్మిదేళ్ళది. ఇప్పుడు ఐటీఐ చదివి ఖమ్మంలో పెద్ద భవనాల మీది ఏసీలు చూసే కంపెనీలో మెకానిక్కుగా చేస్తోంది. తల్లీకూతుళ్ళు ఖానాపురం హవేలి పేటలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నారు. కంపెనీ ఆమెను ఆరు నెలల శిక్షణకు పుణె పంపుతోంది. వస్తే జీతం పెరుగుతుంది, మేస్త్రీ అవుతుంది. సోమమ్మ ఆ మాట వీధి వీధంతా చెప్పుకుంది. ఇంటికొచ్చి సంచి బోర్లించింది.

జంపయ్య వదిలివెళ్ళిన వాటిలో మిగిలింది ఒక్క పుస్తకం. అట్ట గట్టిగా ఉన్న పొడుగాటి పుస్తకం. ఆకు కల్లం దగ్గర కాపలా ఉండేవాడు కాబట్టి అతనికి వాన రాకడ చూడటం అలవాటైంది. ఆరబెట్టిన ఆకు తడిస్తే ఎందుకూ పనికిరాదు. భాను పుట్టిన ఏడాది మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు, రోజుకొక వరుస రాశాడు. ఎడమ పక్క తేదీ, దాని పక్కన ఆ రోజు సంగతి. *పొద్దటి సంది మబ్బు. కురవలే. ఇప్పపువ్వు రాలుడు మొదలైంది. రాళ్ళ వాన, సోమమ్మ నెత్తి మీద తట్ట పెట్టుకొని ఉరికింది.*

సోమమ్మ చదువుకున్నది ఆ పుస్తకం మీదే. బడికి పోలేదు, ఎవరినీ అడగలేదు. అతను వెళ్ళాక దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేది. ప్రతి పేజీలో మళ్ళీ మళ్ళీ కనబడే ఒక మాట ఉంది. వానాకాలం పేజీల నిండా ఉంది, ఎండాకాలం పేజీల్లో ఎక్కడో ఒకటి. అది 'వాన' అయ్యుండాలని పట్టుకుంది. ఆమెకు వచ్చిన మొదటి మాట అదే. రాళ్ళ వాన పడిన రోజు ఆమెకు గుర్తుంది. ఆ వరుసలో ఒకే అక్షరం ఒకదాని కింద ఒకటి ఒత్తుగా కనబడే మాట తన పేరని కనిపెట్టడానికి ఏడాది పట్టింది. అట్లా గుర్తున్న రోజులను పట్టుకుని గుర్తులేని మాటలు చదివింది. తర్వాత పొట్లాల కాగితాలు, పేపర్లు, పుస్తకాలు, చేతికందింది అందినట్టు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఖమ్మంలో దాతలు కలిసి కొత్త పుస్తకాల హాలు కట్టించారు. వాన పుస్తకాన్ని అక్కడ ఇద్దామన్నది భానే. "మన ఇంటి గోడ వానకు చెమ్మగిల్లుతది. గాడ పెద్ద ఏసీ ఉన్నది, నేనే చూస్కుంట," అన్నది. సోమమ్మ వారం రోజులు ఆలోచించి ఇచ్చింది. గ్రంథపాలకుడు వెంకటేశ్వరరావుది మధిర. మెత్తగా మాట్లాడతాడు. పుస్తకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన చిన్న అట్ట ముక్క నిలబెట్టాడు. *జంపయ్య వాన పుస్తకం, 1997 జూన్ నుంచి* అని రాసి, ఎప్పటిదాకా అని అడిగాడు.

"గది రాయకు సారు. ఆఖరి పేజీల ఇంకా జాగున్నది గదా," అన్నది సోమమ్మ.

ఆయన ఆమె ముఖం చూసి కలం మూత పెట్టేశాడు. అక్కడ ఖాళీ అట్లాగే ఉండిపోయింది.

రోజూ పది గంటలకు ఆమె షేరాటోలో హాలుకు పోతుంది. వెంకటేశ్వరరావు పెట్టె తాళం తీసి పుస్తకం చేతికిస్తాడు. ఆ రోజు తేదీన ఏ ఏడాది ఏం రాశాడో తొమ్మిదేళ్ళూ వెతికి చదువుకుంటుంది. ఆఖరి పేజీ మాత్రం తెరవదు. దాన్ని ఏడాదికొకసారి, ఆగస్టు ఒకటిన చదువుతుంది. ఆ పేజీలో ఆఖరి వరుస జంపయ్య పోయే ముందురోజు రాసింది. కంఠతా వచ్చినా కళ్ళతో చూస్తేనే ఆమెకు ఆ ఏడాది గడిచినట్టు.

మే నెలంతా హాలు బాగానే ఉంది. జూన్లో వానలు పట్టాక సోమమ్మకు తేడా తెలిసింది. లోపల చల్లగా ఉంది, కానీ చల్లదనం ఒంటికి అతుక్కుంటోంది. కాగితాలు మెత్తబడ్డాయి. పేజీ తిప్పితే చప్పుడు రావడం లేదు. ఆకు ఆరబెట్టి, ఇప్పపువ్వు ఎండబెట్టి బతికిన మనిషికి తడి సంగతి వేళ్ళ కొసల్లో ఉంటుంది.

"సారు, లోపల తడిగున్నది," అంది.

"ఏసీ గదిలో తడేమిటండీ సోమమ్మగారూ? పోనీ ఇంకాస్త చల్లగా పెట్టిస్తాను," అని ఆయన గోడ మీది అంకెను ఇరవై నాలుగు నుంచి పద్దెనిమిదికి దించాడు. చదువుకునేవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. బీరువాల ఇనుము మీద చెమట పట్టింది. గోడ మీది తేమ మీటరు డెబ్బై ఆరు చూపిస్తోంది. అదేమిటో ఆయనకూ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు.

జూలై ఆఖర్లో, భాను సంచి ఇంట్లో మంచం మీద ఉండగా, ఆ గురువారం సోమమ్మ వాన పుస్తకం అందుకుని ఆగిపోయింది. అట్ట అంచున తెల్లటి నూగు. వెనక నుంచి తిరగేసింది. ఆఖరి పేజీ అట్టకు అంటుకుపోయింది. గోరుతో కొంచెం కదిపితే కాగితం పొరలా లేవబోయింది. చెయ్యి తీసేసింది.

ఆగస్టు ఒకటి ఎనిమిది రోజుల్లో ఉంది.

* * *

శనివారం భాను పనిముట్ల సంచి భుజాన వేసుకుని హాలు మీది డాబాకెక్కింది. తల్లి వెనకాలే వచ్చింది.

"నువ్వెందుకమ్మా? మెట్లు పాకురు పట్టినయ్."

"నువ్వు జారితే పట్టుకోవద్దా?"

"నన్ను నువ్వు పట్టుకుంటవా? ఇద్దరం పోతం."

"పోతే పోయినం. ఒక్కదానివి పోకు."

సన్నగా తుంపర పడుతోంది. ఏసీ లారీ తొట్టంత ఉంది. భాను పక్క రేకు విప్పి, లోపల ఉన్నవాటిని వేలితో చూపిస్తూ చెప్పింది. ఆమెకు ఎవరికైనా చెబుతూ పని చేయడం అలవాటు. సోమమ్మ గొడుగు కూతురి మీదికి పట్టి వింది.

"హాలుల గాలిని గిది గుంజుతది. గీ చల్ల కాయిల్ మీంచి పోతే గాలిల ఉన్న తడంత నీళ్ళైతది. చల్లనీళ్ళ చెంబుకు చెమట పట్టినట్టు. గా నీళ్ళే ఆ పైపుల కారుతున్నయ్."

"కారుతుంటే లోపల తడెందుకున్నది?"

"వానాకాలం గదా, ఎండ లేదు. హాలు జల్దీ చల్లబడ్తది. చల్లబడంగనే కంప్రెసర్ ఆగుతది. ఫ్యాను ఆగది. కాయిల్ మీద మిగిలిన తడిని మళ్ళ లోపలికే ఊదుతది."

"పిండుకుంట పిండుకుంట నడుమ ఇడిసిపెట్టినట్టు."

"అవ్. సారు అంకె దించి ఇంకా చెడగొట్టిండు. చల్లగాలి చిన్న చెంబసొంటిది, జెర తడికే నిండుతది. అందుకే చలి పెరిగింది గానీ తడి పోలే."

"మరెట్ల?"

"దీంట్ల ఇంకో కాయిల్ ఉన్నది." భాను వంగి చల్ల కాయిల్ వెనక ఉన్న సన్నటి దాన్ని చూపింది. "కంప్రెసర్ల వేడి గ్యాసు తన వేడినంత ఉత్తగ బయటికే ఇడుస్తది. తేమ ఎక్కువైతే దాంట్ల కొంచెం దీనికి మళ్ళిస్తది. గాలి ముందుగాల తడి ఇడుస్తది, ఎనక గీడ మళ్ళ కాగుతది. అప్పుడు హాలు మరీ చల్లబడది, కంప్రెసర్ ఆగది, తడి కారుతనే ఉంటది. రీహీట్ అంటరు."

సోమమ్మ గొడుగు పక్కకు వాలింది. భాను వీపు తడిసింది.

"మీ నాయిన అంగి," అన్నది సోమమ్మ.

భాను తలెత్తింది.

ముసురు పట్టిన రోజుల్లో జంపయ్యకు ఉన్న రెండు అంగీలూ తడిసేవి. గుడిసెలో గాలే తడిగా ఉంటే ఎక్కడ ఆరవేసినా ఏం లాభం? ముందు అతనూ ఆమే చెరో కొస పట్టుకుని నీళ్ళు కారడం ఆగేదాకా మెలిపెట్టేవాళ్ళు. తర్వాత పొయ్యిలోని నిప్పులు పళ్ళెంలోకి తీసి, వాటి మీద వెదురు గంప బోర్లించి, గంప మీద అంగీ పరిచేవాళ్ళు. పిండకుండా పరిస్తే పొగ కంపు, పిండి ఊరుకుంటే ముక్కిన కంపు. రెండూ చేస్తేనే తెల్లారేసరికి పొడిగా, వెచ్చగా ఉండేది. చిన్న భాను ఆ అంగీని ముఖానికి ఆనించుకుని వదిలేది కాదు. అతను ఒట్టి ఒంటితో నిలబడి, "నా అంగి ఇయ్యి బిడ్డా, కల్లం కాడికి పోవాలె," అని బతిమిలాడేవాడు.

"యాదికున్నది," అన్నది భాను. "గంప గుర్తులు పడేటివి దాని మీద."

తర్వాత భాను మెయిన్ ఆపి, చిన్న లైటు నోట్లో పట్టుకుని, రీహీట్ వాల్వు వైపు తలదూర్చింది. అక్కడే ఉండిపోయింది.

"ఏంది? ఏమైంది?"

సోమమ్మ పక్కనుంచి తొంగిచూసింది. వాల్వుకు పోవాల్సిన తీగను ఎవరో ఊడదీసి, ఉండగా చుట్టి, పక్కనున్న పైపుకు ప్లాస్టిక్ తాడుతో కట్టారు. రెండు చుట్లు, మూడో కొస కిందికి దూర్చి ఉంది. ఎడమ నుంచి కుడికి కాకుండా కుడి నుంచి ఎడమకు దూర్చి ఉంది.

తునికాకు కోతల్లో కట్టలు కట్టడం భానుకు నేర్పింది సోమమ్మే. పిల్ల ఎడమచేతి వాటం. దాని కట్టలు కల్లంలో ఎన్ని వందల్లో కలిసినా తల్లి దూరం నుంచి గుర్తుపట్టేది.

"గది నీ ముడే గదా," అన్నది మెల్లగా.

భాను తల బయటికి తీసింది. ముఖం మీద తుంపరా కన్నీళ్ళూ ఏవి ఏవో తెలియడం లేదు.

"మేల గాలివాన పడ్డ మర్నాడు పిలిచిన్రమ్మా. ఏసీ వేడిగాలి కొడ్తున్నదని. హాలుకు వచ్చిన పెద్దమనిషెవరో సారును తిట్టిండట. నేనొక్కదాన్నే వచ్చిన. చెయ్యి పెట్టి చూస్తే నిజంగనే గోరువెచ్చగున్నది. మా బాలకృష్ణ మేస్త్రీకి ఫోన్ చేస్తే, ఖమ్మం ఎండల్ల ఏసీకి వేడి ఎందుకే పిచ్చిదానా, గా తీగ ఊడపీకు అన్నడు. ఊడపీకిన. గాలి చల్లగయ్యింది. అందరు మంచిగైందన్నరు. మొన్న పుణె చదువు కోసం పుస్తకం పంపితే అండ్ల చదివిన రీహీట్ అంటే ఏందో. గీడ నేనే తీసిననేది యాదికే రాలే." ఊపిరి తీసుకుంది. "గాలివాన తేమకే గది వెచ్చగ ఊదింది, చెడిపోలే. నాయిన పుస్తకాన్ని నేనే గిట్ల చేసిన."

సోమమ్మకు కోపం రాలేదని కాదు. వచ్చింది. కానీ మే ఎండల్లో ఏసీ వెచ్చగా ఊదితే తాను మాత్రం ఏమనుకునేది? చెడిపోయిందనే అనుకునేది.

భాను తాడు తెంపడానికి కట్టర్ తీసింది.

"కొయ్యకు," అన్నది సోమమ్మ. "కరెంటు ఆపినవా?"

"ఆపిన."

"జరుగు."

గొడుగు కూతురి చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ముడి మీద గోళ్ళు ఆనించింది. వేలి కీళ్ళు నొప్పి పెడుతున్నాయి. ఆ ముడి ఎట్లా బిగుస్తుందో ఆమెకు తెలుసు. ఎట్లా వదులవుతుందో ఎప్పుడూ చూడలేదు. మూడో కొసను వెనక్కి నెట్టింది, రాలేదు. తడి చేతిని కొంగుకు తుడుచుకుని మళ్ళీ నెట్టింది. ఎంతసేపు పట్టిందో గాని, గొడుగు పట్టుకున్న భాను రెండుసార్లు చెయ్యి మార్చింది. చివరికి కొస కదిలింది. రెండు చుట్లూ వాటంతటవే సడలిపోయాయి.

"వచ్చింది," అన్నది సోమమ్మ ఆశ్చర్యంగా. తాడును కాసేపు చేతిలో పట్టుకుని చూసి, మడిచి కొంగుకు కట్టుకుంది.

భాను తీగ కలిపింది. కిందికి దిగి అంకెను ఇరవై నాలుగుకు పెంచి, తేమ మీటరు చూపించి, ఇది యాభై చిల్లరకు దిగాలని చెప్పింది. గంటకు వెంకటేశ్వరరావు గాలి వచ్చే జాలీ కింద చెయ్యి పెట్టి కంగారుపడ్డాడు.

"అమ్మా భానూ, వెచ్చగా వస్తోందేమిటమ్మా? మళ్ళీ చెడిందా?"

"చెడలే సారు. గట్లనే రావాలె."

"మే నెలలో ఇట్లా వస్తేనే కదమ్మా నన్ను తిట్టారు."

"ఈసారి తిడితే అంగి పిండి గంప మీద ఎండబెట్టినమని చెప్పు సారు," అన్నది సోమమ్మ.

ఆయనకు అర్థం కాకపోయినా తల ఊపాడు.

పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోవద్దని భాను మరీ మరీ చెప్పింది. తొందరపడి విప్పితే పేజీ చిరుగుతుంది. హాలు ఆరాలి, ఆరితే అదే వదులుతుంది, వదలకపోనూ వచ్చు. బూజు అప్పటికే ఎంత తిన్నదో తెలియదు.

ఆదివారం సాయంత్రం స్టేషన్లో సోమమ్మ సంచి జిప్పు చివరిదాకా లాగి మూసింది. భాను చూసింది. బండి కదిలాక కిటికీలోంచి, "మీటరు రోజు చూసి చెప్పమ్మా," అని అరిచింది.

సోమమ్మ రోజూ చెప్పింది. సోమవారం అరవై ఎనిమిది. మంగళవారం అరవై మూడు. బుధవారం పగలంతా కుండపోత, అయినా అరవై. గురువారం యాభై ఆరు, బీరువాల చెమట పోయింది, పేపర్లు తిప్పితే మళ్ళీ చప్పుడు వస్తోంది. ఫోనులో భాను గొంతు విన్న ప్రతిసారీ ముందు అన్నం తిన్నావా అని అడిగి, తర్వాత మీటరు చెప్పి, పెట్టేసి, మళ్ళీ ఫోను చేసి తలుపు గడియ వేసుకున్నావా అని అడిగేది.

శుక్రవారం ఆగస్టు ఒకటి. వెంకటేశ్వరరావు పెట్టె తెరిచి, పుస్తకాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి, తాను పక్కకు జరిగాడు. సోమమ్మ వెనక అట్టను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఎత్తింది. చిన్న చప్పుడు అయింది. పొడి కాగితం చప్పుడు. పేజీ వచ్చేసింది.

ఎడమ పక్క తేదీల వరుస లేదు. అక్కడ బూజు తిన్న మరక, గోధుమ రంగులో, పైనుంచి కింది దాకా. మాటలు మిగిలాయి. సిరా కొంచెం పాకింది. ఆమె ఆఖరి వరుస మీద వేలు ఆనించకుండా గాలిలోనే నడిపించి చదివింది.

*వాన తగ్గలే. రేపు అక్క దగ్గరికి పోతున్న. సోమమ్మ సంచికి ముడేసింది, కొయ్యకుంట విప్పుకొని వస్తనని పందెం వేసిన.*

రెండోసారి చదివింది. రోజూ కొంగుకు కట్టుకుంటున్న ప్లాస్టిక్ తాడు చేతికి తగిలింది.

"తేదీలు పోయాయండీ," అన్నాడు వెంకటేశ్వరరావు బాధగా. "ఇక దీన్ని చూసినవాళ్ళకు ఎప్పటిదాకా రాశారో తెలియదు. మీకు తప్ప ఎవరికీ తెలియదు."

సోమమ్మ పెట్టె పక్కనున్న అట్ట ముక్క తీసి ఆయన చేతికిచ్చింది.

"నేను చెప్త. రాయి సారు."

ఆయన కలం మూత తీశాడు. ఆమె తడబడకుండా చెప్పింది, ఆయన ఆ ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాడు. రాశాక ఆమె అట్ట ముక్క తీసుకుని ఒక్కో మాటా చదివి చూసుకుని, దాన్ని దాని చోట నిలబెట్టింది.

*జంపయ్య వాన పుస్తకం, 1997 జూన్ నుంచి 2006 ఆగస్టు 1 దాకా. మర్నాడు బుధవారం పొద్దున ఆరు గంటల బస్సుకు జంపయ్య వెళ్ళాడు. తిరిగి రాలేదు.*